చిన్న కళాశాలలు - పెద్ద టోర్నమెంటు

చరిత్రమనగా రాజులు పోరిన పోరులును, మంత్రులు వ్రాసికొనిన సంధులును మాత్రమే యని తలంచువారికి ఆడుపిల్లల ఆటల కథ అల్పవిషయముగ దోచవచ్చును. కాని యొక సంఘము తన స్త్రీలను ఎట్లు చూచుచున్నదో తెలియవలయునన్న, అది వారికేమి బోధించుచున్నదో విచారించినంత మాత్రమున చాలదు. వారిని ఎట్లు ఆడనిచ్చుచున్నదో కూడ విచారింపవలయును. చదువు ఇంటి నాలుగుగోడల నడుమను సాగవచ్చును. ఆటకట్లు కాదు. పరుగెత్తుటకు చోటు కావలయును. గెలుచుటకు ఎదుటిపక్షము కావలయును. ఆ గెలుపు నలుగురికి దెలియుటకు అందరును చూచు రంగస్థలము కావలయును. ఈ మూడును స్త్రీల కొక్కమారుగ లభింపలేదు. అమెరికా సంయుక్తరాష్ట్రములందలి చిన్న కళాశాలల విద్యార్థినులు బాస్కెట్‌బాలు ఆటయందు ఈ మూడింటిని ఎట్లు సంపాదించిరో, సంపాదించినదానిలో దేనిని పోగొట్టుకొనిరో, దేనిని నిలుపుకొనిరో ఈ వ్యాసమున సంగ్రహముగ దెలుపదలచితిమి.

ఈ యాట పుట్టినది 1891 డిసెంబరులో. మాసచూసెట్సు రాష్ట్రమున స్ప్రింగ్‌ఫీల్డు నగరమందలి యొక శిక్షణాలయమున జేమ్సు నెయిస్మిత్ అను ఉపాధ్యాయుడు కలడు. చలికాలమున విద్యార్థులు ఇంటిలోపల నాడదగిన యాట యొకటి కావలసివచ్చి, అతడు పీచిపండ్ల బుట్టలు రెండింటిని ఎత్తున కట్టించి, బంతిని బుట్టలో వేయుటయే గెలుపని నియమించెను. బుట్టనుబట్టియే యాటకు పేరు వచ్చినది. ఆ నగరమునకు సమీపముననే నార్తాంప్టన్ పట్టణమున స్మిత్ కళాశాల యను స్త్రీవిద్యాలయము కలదు. అందు వ్యాయామవిద్య గరపుచుండిన సెండా బెరెన్సన్ అను యువతి ఈ క్రొత్తయాటను గూర్చి తెలిసికొని తన విద్యార్థినులకు నేర్పెను. 1893 మార్చి 22వ తేదీన ఆ కళాశాల ప్రథమవర్ష విద్యార్థినులకును ద్వితీయవర్ష విద్యార్థినులకును పందెము జరిగెను. చూచుటకు పురుషులకు ప్రవేశము లేదు.

బెరెన్సను స్త్రీలకొరకు నియమములను మార్చెను. ఆటస్థలమును మూడు భాగములుగ విభజించి, ఏ భాగమునందలి పిల్ల ఆ భాగమును దాటరాదనెను. ఒకరిచేతి బంతిని మరియొకరు లాగికొనరాదు. మూడు సెకనులకు మించి బంతిని చేత నుంచుకొనరాదు. మూడుమారులకు మించి నేలకు గొట్టరాదు. ఎక్కువ శ్రమచే ఆడుపిల్లల ఆరోగ్యము చెడుననియు, మోటుదనముచే మర్యాద చెడుననియు ఆనాటి పెద్దల భయము. ఈ నియమములు నేటివారికి సంకెలలవలె గనబడును. కాని ఆ సంకెలలు లేకున్న ఆ పిల్లలను ఆటస్థలమున కాలుపెట్టనిచ్చెడివారే కారు. కొలది కాలముననే ఈ యాట కళాశాలనుండి కళాశాలకు ప్రాకెను. 1896 ఏప్రిల్ 4వ తేదీన సాన్‌ఫ్రాన్సిస్కో నగరమున స్టాన్‌ఫర్డు విద్యార్థినులును కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థినులును పోటీపడిరి. రెండు వేరువేరు విద్యాలయముల స్త్రీలు ఈ యాటలో నెదురుపడుట అదియే ప్రథమము. 2 - 1 సంఖ్యతో స్టాన్‌ఫర్డు గెలిచెను. అచ్చటను ప్రేక్షకులందరు స్త్రీలే.

చోటు దొరికెను, ఎదుటిపక్షమును దొరికెను. మూడవదియగు రంగస్థలము మాత్రము మరి డెబ్బదియేండ్లకు పైగా దొరకలేదు. దాని నడ్డగించినవారు పురుషులు మాత్రమే యని తలంచుట పొరబాటు. స్త్రీల వ్యాయామవిద్యను నడుపుచుండిన విదుషీమణులే పోటీలు కూడదనిరి. 1923వ సంవత్సరమున లూ హెన్రీ హూవరు నాయకత్వమున నేర్పడిన స్త్రీల క్రీడావిభాగము వారు, ఏ కొద్దిమందినో ప్రేక్షకులయెదుట ఆడించుటకంటె అందరు పిల్లలును ఆడుటయే మేలని సిద్ధాంతము చేసిరి. అందుపై కళాశాలల నడుమ పందెములకు బదులు "ఆటదినములు" వచ్చెను. రెండు మూడు కళాశాలల పిల్లలు ఒకచోట గూడి, తమ కళాశాలల పేరు మరచి, జట్లుగ గలిసిపోయి యాడుకొని, ఉపాహారము గొని యిండ్లకు పోవలయును. ఆ పెద్దల మాటలో సత్యము లేకపోలేదు. పురుషుల ఆటలలో ధనమును, పందెపు జూదమును, పేరాశయు ప్రవేశించుట వారు కన్నులార జూచిరి. తమ పిల్లలకు ఆ రోగము సోకరాదనిరి. కాని రోగమునకు వెరచి భోజనమునే మానిపించినట్లయ్యెను.

ఇందుల కొక్క యుదాహరణము చాలును. మిసిసిపీ రాష్ట్రమున క్లీవ్‌లండు అను చిన్నయూర డెల్టా స్టేట్ అను ఉపాధ్యాయ శిక్షణ కళాశాల కలదు. 1930వ సంవత్సర ప్రాంతమున అందు మార్గరెట్ వేడ్ అను బాలిక బాస్కెట్‌బాలు ఆడుచుండెను. ఆమె చదువు ముగియకమునుపే, ఈ యాట స్త్రీలకు మితిమీరిన శ్రమయని కళాశాలవారు జట్టును రద్దుచేసిరి. పిల్లలు ఏడ్చి, తమ ఆటబట్టలను తామే తగులబెట్టుకొనిరి. ఈ వేడ్ పేరును చదువరులు జ్ఞప్తియందుంచుకొనవలయును; కథ మరల ఆమెయొద్దకు వచ్చును.

పెద్ద విశ్వవిద్యాలయములు ఇట్లు తలుపులు మూసికొనియున్న కాలమున పోటీని బ్రదికించినవి కర్మాగారముల జట్లు, వర్తకవిద్యాలయముల జట్లు, ఒకటి రెండు చిన్న కళాశాలలు. వానిలో మేటి టెక్సాసు రాష్ట్రమందలి ప్లెయిన్‌వ్యూ గ్రామపు వేలాండ్ బాప్టిస్టు కళాశాల. ఆ యూరి వర్తకుడు క్లాడ్ హచర్సన్ తన చిన్న విమానములలో ఆ విద్యార్థినులను దూరప్రదేశములకు పందెములకు పంపుచుండుటచే వారికి "ఎగురు రాణులు" అని పేరు వచ్చినది. 1953 నవంబరు మొదలు 1958 మార్చి వరకు వారు వరుసగ 131 పందెములు గెలిచిరి. అన్ని గెలుపులు గెలిచినను, ఆ కాలమున అమెరికాలో కళాశాల స్త్రీలకు జాతీయ టోర్నమెంటు అనునదియే లేదు. వారు కర్మాగారముల జట్లతోడను, వర్తకవిద్యాలయముల జట్లతోడను అమెచ్యూర్ అథ్లెటిక్ యూనియను పందెములలో నాడుకొనవలసివచ్చెను.

ఆ కొరతను దీర్చినది ఒక యుపాధ్యాయిని. పెన్సిల్వేనియా రాష్ట్రమందలి వెస్ట్‌చెస్టరు స్టేట్ కళాశాల జట్టును నేర్పుచుండిన కారొల్ ఎక్‌మన్, 1969 మార్చిలో 16 కళాశాలల జట్లను తన కళాశాలకు ఆహ్వానించి టోర్నమెంటు జరిపెను. అదియే కళాశాల స్త్రీల జాతీయపందెములకు నాంది. 1971లో స్త్రీ వ్యాయామోపాధ్యాయినులు తామే నడుపుకొను స్త్రీల అంతఃకళాశాల క్రీడాసంఘమును స్థాపించిరి. దానిని ఏ.ఐ.ఏ.డబ్ల్యు. అని వ్యవహరింతురు. ఆ యేడే ఆటస్థలమును భాగములుగ విభజించు పాత నియమము పోయి, పక్షమున కైదుగురు చొప్పున స్థలమంతటను పరుగెత్తు పద్ధతి స్థిరపడెను. బెరెన్సను గీచిన గీతలు చెరుపబడుటకు 78 సంవత్సరములు పట్టినది.

టోర్నమెంటు అనునది చిన్న కళాశాల కెట్టి మేలు చేయునో కొంచెము వివరింపవలయును. ఏడాది పొడుగున జరుగు పందెములు ఇరుగుపొరుగు కళాశాలలతో జరుగును. వానిలో గెలిచినను ఓడినను పదిమైళ్ల కావల నెవ్వరికిని తెలియదు. ఏడాది చివర వచ్చు టోర్నమెంటు పద్ధతి వేరు. ఒక్కమారు ఓడినవారు ఇంటికి పోవలసినదే. గెలిచినవారు పై మెట్టెక్కుదురు. పదునారు జట్లు ఎనిమిదియై, ఎనిమిది నాలుగై, నాలుగు రెండై, తుద కొక్కటి మిగులును. నాలుగు పందెములు గెలిచిన చాలును, జాతీయ విజయము చేతికి వచ్చును. విద్యార్థుల సంఖ్యగాని, భవనముల యెత్తుగాని, మూలధనముగాని అచ్చట లెక్కకు రావు. ఎటుజూచినను ఆటస్థలమున నుండువారు అయిదుగురే. బీదవిద్యాలయము ధనికవిద్యాలయముతో సమముగ నిలువబడు చోట్లు లోకమున మిక్కిలి కొద్ది. అట్టివానిలో నిది యొకటి.

ఈ మాటను ఋజువుచేసినది ఇమాక్యులేటా కళాశాల. ఫిలడెల్ఫియా నగరమునకు పడమట, వెస్ట్‌చెస్టరుకు కొలదిమైళ్ల దూరమున, రోమను కథోలిక సన్న్యాసినులు 1920లో స్థాపించిన స్త్రీవిద్యాలయమిది. 1967లో వారి ఆటమందిరము అగ్నికి ఆహుతియయ్యెను. అటుపై కొంతకాలము విద్యార్థినులు సన్న్యాసినుల మఠపు నేలమాళిగలో సాధన చేయవలసివచ్చెను. 1970లో కాథీ రష్ అను, ఇరువదియైదేండ్లయినను నిండని యువతి వారికి శిక్షకురాలుగ వచ్చెను. ఏడాదికి ఆమె జీతము 450 డాలర్లు. పిల్లలు తొడిగినవి మడతల ఉన్ని పావడాలు. ఆటకై వేతనమిచ్చి తెచ్చుకొనిన విద్యార్థిని ఒక్కతెయు లేదు.

అయినను ఈ కళాశాల గెలుపు కేవలము దైవికమని చెప్పరాదు. దానికి వేరొక మూలము కలదు. ఫిలడెల్ఫియా నగరపు కథోలిక పాఠశాలలలో చిరకాలమునుండి ఆడుపిల్లలకు బాస్కెట్‌బాలు పందెములు జరుగుచుండెను. తక్కిన దేశమంతయు బాలికల పోటీలను అణచియుంచిన దినములలో, ఆ కార్మికకుటుంబముల బాలికలు చిన్ననాటినుండి పోటీలో రాటుదేలిరి. వారిలో పెక్కండ్రు దూరపు విశ్వవిద్యాలయములకు పోవు స్తోమత లేనివారు. జట్టులో మేటియగు థెరెసా షాంక్ సైతము వేరొక కళాశాలకు పోదలచినదే. కాని తన యిల్లు కాలిపోవుటచే తలిదండ్రులకు దగ్గరగ నుండవలసివచ్చి ఇమాక్యులేటాలో చేరినది. ఒక దేశము పట్టించుకొనని ప్రజ్ఞ ఒక చిన్న కళాశాలయందు ప్రోగుపడినది. గెలుపునకు కారణమిదియే.

1972 మార్చిలో ఏ.ఐ.ఏ.డబ్ల్యు. వారి ప్రథమ జాతీయ టోర్నమెంటు ఇల్లినాయి రాష్ట్రమందలి నార్మల్ పట్టణమున జరుగ నిశ్చయమయ్యెను. అందు ప్రవేశమునకై జరిగిన ప్రాంతీయపందెములలో ఇమాక్యులేటా, వెస్ట్‌చెస్టరు చేతిలో 32 పాయింట్ల తేడాతో చిత్తుగ నోడెను. ద్వితీయస్థానము దక్కుటచే జాతీయపందెములకు పోవు నర్హత మాత్రము మిగిలెను. పోవుటకు ధనము లేదు. విద్యార్థినులు పండ్లుతోము బ్రష్షులమ్మి చందాలు ప్రోగుచేసిరి. ఆ డబ్బు ఎనమండుగురికి మాత్రమే సరిపోయినది. వారును విమానమున ఖాళీ మిగిలిననే స్థలమిచ్చు చౌక టిక్కెట్లమీద ప్రయాణము చేసిరి. తక్కిన పిల్లలు ఇంటికడ నిలిచిపోయిరి. పదునారు జట్లలో వీరికిచ్చిన స్థానము పదునైదవది.

మొదటి పందెమున దక్షిణడకోటా స్టేట్ జట్టును 60 - 47 సంఖ్యతో గెలిచిరి. రెండవదానిలో ఇండియానా స్టేట్ జట్టును స్వల్పాంతరమున దాటిరి. మూడవది కఠినమైనది. ఎదుట నిలిచినవారు మిసిసిపీ స్త్రీకళాశాలవారు; క్రిందటియేట జాతీయ విజేతలు. వారిపై 46 - 43 సంఖ్యతో గట్టెక్కిరి. తుదిపందెమున ఎదురైనది మరెవ్వరును కాదు. కొలది దినముల క్రిందట తమ్ము 32 పాయింట్లతో పరాభవించిన వెస్ట్‌చెస్టరువారే. శిక్షకురాలు కాథీ రష్ ఆ కళాశాలలో చదివినదే. జాతీయ టోర్నమెంటునకు పురుడుపోసినదియు ఆ కళాశాలయే. పదిమైళ్లలోపలి యిద్దరు పొరుగువారు తమలో నెవ్వరు గొప్పయో తేల్చుకొనుటకు దేశములో మూడవవంతు దూరము ప్రయాణము చేసిరన్నమాట. థెరెసా షాంక్ ఒక్కతెయే 26 పాయింట్లు సంపాదించెను. 52 - 48 సంఖ్యతో ఇమాక్యులేటా గెలిచెను.

పదునైదవ స్థానమువారు ప్రథమస్థానమున నిలిచిరి. మేము బడిపిల్లలతో మెలగువారము గనుక ఇందు మాకొక విషయము ముఖ్యముగ దోచుచున్నది. 32 పాయింట్లతో నోడిన జట్టునకు ఆనాటితో ద్వారము మూసియుండిన, ఆ పిల్లల శక్తి యెట్టిదో వారికే తెలియకుండెడిది. ఓడినవారికి మరల పరీక్షించుకొను నవకాశ మొసగుట దయ కాదు. న్యాయవ్యవస్థలో నొక భాగము. ఒక్క పరీక్షతో విద్యార్థిని తూచివేయువారు ఈ కథను గమనింపవలయును.

1973లో న్యూయార్కునగరమున క్వీన్సు కళాశాలపై 59 - 52 సంఖ్యతో వారు రెండవమారు విజేతలైరి. ఆ యేడు ఒక్క పందెమును ఓడలేదు. 1974లో కాన్సాసునందు మూడవమారు గెలిచిరి. ఇక ప్రేక్షకుల మాట. పురుషులనే దూరముగ నుంచిన 1893 నాటి యాటకును దీనికిని ఎంత భేదమో చూడుడు. మఠమునందలి సన్న్యాసినులు వరుసలుదీరి కూర్చుండెడివారు. జట్టులోని రెనీ మూత్ అను బాలిక తండ్రికి ఇనుపసామానుల దుకాణము గలదు. అతడు ఇనుపబకెట్లు తెచ్చి పంచిపెట్టెను. ఆ సన్న్యాసినులు బకెట్లను కర్రలతో వాయించుచు తమ పిల్లలను పురికొల్పుచుండిరి. ప్రార్థనకును మౌనమునకును అంకితమైన ఆ వృద్ధస్త్రీలు తమ శిష్యురాండ్ర గెలుపునకై యింత సందడి చేయుట చూచి ఎదుటిపక్షమువారు విస్తుపోయెడివారు. తలిదండ్రులు కార్లలో దూరములు ప్రయాణించి పందెము వెంబడి పందెమునకు పోయెడివారు. చిన్నకళాశాల జట్టును వెంబడించువారికి ఆడువారు పత్రికలో పేర్లు కారు. ఒకతె కూతురు, ఒకతె శిష్యురాలు, ఒకతె తరగతిలో ప్రక్కన గూర్చుండునది. పెద్దవిశ్వవిద్యాలయముల వేలకొలది ప్రేక్షకులలో ఈ బంధుత్వము కానరాదు.

1975 జనవరిలో ఇమాక్యులేటా జట్టు మేరీలండు విశ్వవిద్యాలయముతో నాడిన యాటను దేశమంతటను టెలివిజనులో జూపిరి. కళాశాల స్త్రీల బాస్కెట్‌బాలు అట్లు ప్రసారమగుట అదియే ప్రథమము. వేలకొలది విద్యార్థులుగల ఆ విశ్వవిద్యాలయమును వీరు 80 - 48 సంఖ్యతో నోడించిరి. ఫిబ్రవరిలో న్యూయార్కు మేడిసన్ స్క్వేర్ గార్డెను మహామందిరమున ఇంచుమించు 12,000 మంది యెదుట క్వీన్సు కళాశాలతో నాడి గెలిచిరి. పావడాలు ధరించిన పిల్లలకు రంగస్థలము చిక్కినది.

ఇచ్చటనే కథ మలుపు తిరుగుచున్నది. ఇమాక్యులేటా ప్రథమ విజయమునకు మూడుమాసముల తరువాత, 1972 జూన్ 23వ తేదీన, అమెరికా విద్యాశాసనమున తొమ్మిదవ ప్రకరణము ఆమోదింపబడెను. ప్రభుత్వధనము పొందు ఏ విద్యాలయమునందును స్త్రీయను కారణమున ఎవ్వరిని విడిచిపెట్టరాదని దాని సారాంశము. అందు ఆట యనుమాటయే లేదు. కాని ఆటలకును అది వర్తించునని త్వరలోనే తేలినది. అంతవరకు స్త్రీల జట్లపై పైసయైన వెచ్చింపని పెద్ద విశ్వవిద్యాలయములు ఇక ధనమును, మైదానములను, శిక్షకులను సమకూర్పవలసివచ్చెను. ఇది న్యాయమే, ఎన్నో వేలమంది పిల్లలకు మేలుచేసిన న్యాయము.

మొదట ఏ.ఐ.ఏ.డబ్ల్యు. వారు ఆటకై విద్యార్థివేతనము లిచ్చుటను నిషేధించియుండిరి. 1923 నాటి పెద్దల భయమే ఇందును కలదు. పిల్లలను ధనముతో కొనుగోలుచేయు వాడుక తమలోనికి రాగూడదని వారి తలంపు. 1973లో ఫ్లోరిడా రాష్ట్రమున పీచీ కెల్మెయరు అను శిక్షకురాలును కొందరు విద్యార్థినులును, పురుషులకున్న వేతనము స్త్రీలకేల లేదని న్యాయస్థానము నాశ్రయించిరి. సంఘమువారు తమ నియమమును సడలింపక తప్పినది కాదు. చిత్రమేమన, ఈ వాదు తెచ్చిన మేరీమౌంటు కళాశాలయు చిన్నదే. న్యాయము కోరినవారు చిన్నవారు. ఆ న్యాయమువలన వేతనము లీయగలిగినవారు పెద్దవారు. ఇక ఫిలడెల్ఫియా పిల్లల ప్రజ్ఞ సమీపకళాశాలలోనే ప్రోగుపడవలసిన యవసరము లేదు; దూరపు విశ్వవిద్యాలయములు ఖర్చులిచ్చి పిలుచుకొనిపోవును. ఆ పిల్లలకిది లాభమే. ఇమాక్యులేటాకు మాత్రము అస్తమయము.

ఆ యస్తమయమును కన్నులయెదుట జూపినది మనము ముందు చెప్పుకొనిన మార్గరెట్ వేడ్. ఆమె జట్టును రద్దుచేసిన డెల్టా స్టేట్ కళాశాల 1973లో దానిని పునరుద్ధరించి, అరువదియేండ్ల ప్రాయముననున్న ఆమెనే శిక్షకురాలుగ పిలిచెను. ఆమె శిష్యురాండ్రలో లూసియా హారిస్ అను నీగ్రోజాతి బాలిక యసాధారణ ప్రజ్ఞాశాలిని. ఒలింపిక్ క్రీడలలో స్త్రీల బాస్కెట్‌బాలు ప్రవేశించిన 1976లో ప్రథమ గోలు వేసినది ఈమెయే. 1975 తుదిపందెమున డెల్టా స్టేట్ 90 - 81 సంఖ్యతో ఇమాక్యులేటాను ఓడించెను, 1976లో మరల వారినే 69 - 64తో ఓడించెను, 1977లోను విజేతయయ్యెను. నలువదియేండ్ల క్రిందట ఆటబట్టలు తగులబెట్టుకొనిన బాలిక మూడుమార్లు జాతీయవిజయము చూచెను. ఆ 1977లోనే కాథీ రష్ ఇమాక్యులేటాను విడిచెను. ఏడేండ్లలో ఆమె గెలిచినవి 149 పందెములు, ఓడినవి 15.

స్త్రీల టోర్నమెంటు ధనము తెచ్చునని తెలిసినతోడనే పురుషుల క్రీడాసంఘమగు ఎన్.సి.ఏ.ఏ. దృష్టి దానిపై పడెను. 1976లో తొమ్మిదవ ప్రకరణపు నిబంధనలకు విరుద్ధముగ న్యాయస్థానమునకు పోయిన సంఘమే, అయిదేండ్లు తిరుగకమునుపే స్త్రీల టోర్నమెంట్లను తానే నడపుదునని ముందునకు వచ్చెను. దానికి టెలివిజను ఒడంబడికలు కలవు. ప్రయాణపు ఖర్చులిచ్చు శక్తి కలదు. 1982 మార్చిలో రెండు సంఘములును వేరువేరుగ జాతీయ టోర్నమెంట్లు జరిపెను. ఏ.ఐ.ఏ.డబ్ల్యు. వారి కడపటి టోర్నమెంటును గెలిచిన రట్గర్సు విశ్వవిద్యాలయమునకు శిక్షకురాలు మన థెరెసా షాంకే. వివాహానంతరము ఆమె పేరు గ్రెంట్జ్. ఎన్.సి.ఏ.ఏ. వారి ప్రథమ టోర్నమెంటు తుదిపందెమున లూసియానా టెక్ విశ్వవిద్యాలయమున కెదురు నిలిచినది చెయినీ స్టేట్ కళాశాల. ఇదియు ఇమాక్యులేటాకు సమీపముననే యున్నది. నీగ్రోజాతివారి విద్యకై 1837లో స్థాపింపబడిన పురాతనవిద్యాలయము. వివియన్ స్ట్రింగరు అను శిక్షకురాలు ఆ బీదకళాశాల జట్టును తుదిపందెమువరకు గొనివచ్చెను. 76 - 62 సంఖ్యతో వారోడిరి. పెద్దటోర్నమెంటున చిన్నకళాశాల వెలుగునకు అది కడపటి మెరుపని చెప్పవచ్చును.

ఆ సంవత్సరమే ఏ.ఐ.ఏ.డబ్ల్యు. మూతపడెను. న్యాయస్థానమున దాని వాదమును నిలువలేదు. ఇందువలన గలిగిన నష్టము పేరు పోవుట మాత్రమే కాదు. 1972లో కళాశాల స్త్రీజట్లలో నూటికి తొంబదికి పైగా స్త్రీలే శిక్షకురాండ్రు. 2014 నాటికి నూటికి నలువదిమూడు మాత్రమే. ఆడువారికి మైదానము విశాలమయ్యెను, ఆడించువారికి ఇరుకయ్యెను. ఉద్యోగమునకు జీతము పెరిగినకొలది దానిని పురుషులును కోరుట సహజము. కాని తాము కట్టుకొనిన యింటి తాళముచెవి తమచేత లేకపోవుట స్త్రీలకు సహజమని యెవ్వరనగలరు?

అయినచో చిన్నకళాశాలల కథ అంతతో ముగిసెనా? ముగియలేదు. 1982లోనే ఎన్.సి.ఏ.ఏ. వారు మూడు తరగతులకు మూడు వేరువేరు టోర్నమెంట్లు ఆరంభించిరి. మూడవ తరగతి విద్యాలయములలో ఆటకై విద్యార్థివేతన మీయరాదు. తొలినాటి ఏ.ఐ.ఏ.డబ్ల్యు. వారు కోరిన నియమమే యిది. వేరొక యింట బ్రదికియున్నది. ఆ తరగతి ప్రథమ టోర్నమెంటును గెలిచినది పెన్సిల్వేనియాలోని ఎలిజబెత్‌టౌన్ కళాశాల. తుదిపందెమున తేడా ఒక్క పాయింటు. రెండవ తరగతిలో డెల్టా స్టేట్ 1989, 1990, 1992 సంవత్సరములలో మరల జాతీయవిజేత యయ్యెను. పెద్దలపంక్తిలో చోటు పోయినవారికి తమ పంక్తి తమకు దొరికినది.

నేడు మూడవ తరగతి స్త్రీల టోర్నమెంటున 64 జట్లు పాల్గొనుచున్నవి. ఒక్కొక్క కూటమిలో గెలిచిన జట్టునకు ప్రవేశము హక్కుగ లభించును. మిగిలిన చోట్లను ఏడాదిలోని పందెములను బేరీజు వేసి యొక సమితి నింపును. ఖర్చు తగ్గించుటకై మొదటి పందెములకు నాలుగేసి జట్లను ఏదేని యొక కళాశాలయందే సమకూర్తురు. సాధ్యమైనంతవరకు బస్సులో పోదగిన దూరమున నుండునట్లు చూతురు. కనుక మార్చినెల మొదట చిన్న చిన్న యూళ్లలోని ఆటమందిరములలో శుక్రవారమును శనివారమును ఈ పందెములు జరుగుచుండును. పురుగుల శాస్త్రము చదువునదియు, ఉపాధ్యాయిని కాగోరునదియు ఆ జట్లలో నుందురు. వారిలో చాలమందికి ఆ పందెమే జీవితమున కడపటి పందెము. దానిపై వచ్చు ధనము లేదు. ముందు ఉద్యోగము లేదు. 2023లో కెంటకీ రాష్ట్రపు ట్రాన్సిల్వేనియా విశ్వవిద్యాలయము ఆ యేడు ఒక్క పందెమును ఓడక ఈ టోర్నమెంటు గెలిచెను. పేరు విశ్వవిద్యాలయమే గాని, మన పెద్దకళాశాలలలో సగమైనను లేని చిన్నసంస్థ.

2024 మార్చి 16వ తేదీన ఒహాయో రాష్ట్రపు కొలంబస్ నగరమున జరిగిన తుదిపందెమునకు వచ్చిన రెండు జట్లలో నొకటి స్మిత్ కళాశాల. సెండా బెరెన్సన్ 131 సంవత్సరములకు పూర్వము పురుషులకు తలుపులు మూసి, గీతలు గీచి, తన విద్యార్థినులచే బంతి పట్టించిన కళాశాలయే. నేటికిని అది స్త్రీవిద్యాలయమే. న్యూయార్కు విశ్వవిద్యాలయము చేతిలో 51 - 41 సంఖ్యతో స్మిత్ ఓడినది. ఇమాక్యులేటా 2005నుండి పురుషులను కూడ చేర్చుకొని, అదే మూడవ తరగతిలో నిరాడంబరముగ నాడుచున్నది. దాని 1972 - 74 నాటి జట్టును 2014లో నెయిస్మిత్ పేర వెలసిన కీర్తిమందిరమున చేర్చిరి. సెండా బెరెన్సనును మార్గరెట్ వేడును అంతకుముందే, 1985లో, ఆ మందిరము చేరిరి.

సంస్కరణమును కోరువారికి ఈ చరిత్రమువలన రెండు సంగతులు స్పష్టమగుచున్నవి. మొదటిది: శాసనము ద్వారమును తెరచును గాని, తెరచిన ద్వారమున మొదట ప్రవేశించువారు తరచుగ ద్వారముకై పోరాడినవారు కారు. అందుచే శాసనము వలదనుట అవివేకము. శాసనముతోబాటు, ఆ పనిని పూర్వమునుండి చేయుచున్నవారికి అధికారమున భాగము నిలుచునట్లు చూచుకొనవలయును. ఇమాక్యులేటా పిల్లలకు విద్యార్థివేతనములు రాకపోవుటకంటె, వారిని ఆడించిన స్త్రీల సంఘము మూతపడుటయే పెద్దనష్టమని మేము తలంచుచున్నాము.

రెండవది: చిన్నసంస్థను పెద్దసంస్థతో ఒక్కత్రాసున నెల్లప్పుడును తూచుట సమత్వము కాదు. 1972లో అందరును సమానముగ బీదలైయుండిరి గనుక ఆ త్రాసు సరిగనే తూచినది. ధనము వచ్చినపిదప సరిగ తూచజాలదు. చిన్నవారు తమవంటివారితో పోటీపడుటకు, గెలిచినపుడు అది జాతీయవిజయమే యని గౌరవము పొందుటకు ఏర్పాటుండవలయును. మూడవ తరగతి యని దానికి పేరు పెట్టినంతమాత్రమున అందు ఆడు పిల్లల శ్రమ మూడవ తరగతిది కాదు. తమ యూరి బడిలో నలుగురు బాలికలు బంతి పట్టినపుడు, ఇది పెద్దనగరముల జట్లయెదుట ఏపాటిదని నవ్వువారు మనలోను కలరు. ఆ బాలికలను వారితో సమానులగు మరి నలుగురు బాలికలతో ఆడించి, చూచుటకు తలిదండ్రులను పిలువుడు. బకెట్లు వాయించువారు వారంతట వారే వత్తురు.